మూత వేసిన సీసా – కాలమర్యాద

జూన్ నెల మూడవ వారము వచ్చునప్పటికి కృష్ణగిరి ప్రాంతమున మామిడి తప్ప వేరు మాట వినబడదు. తోటలనుండి మండీలకు, మండీలనుండి గుజ్జు తీయు కార్ఖానాలకు లారీలు బారులు తీరును. వానిలో ఎక్కువ భాగము తోతాపురి. చిలుక ముక్కు వలె కొన తేలిన కాయ గనుక అరవమువారు దానిని కిళిమూక్కు అందురు. పంట విరగకాచిన ఏట ధర పడిపోయి, కోతకూలి కూడ రాలేదని రైతు వాపోవుట ఈ సీమకు క్రొత్త కాదు.

సరిగ్గా ఆ దినములలోనే, అనగా జూన్ 21, 22 తేదీల ప్రాంతమున, సూర్యుడు ఆర్ద్రా నక్షత్రమున ప్రవేశించును. తెలుగు రైతునకు ఆర్ద్ర కార్తె విత్తనముల కార్తె. శ్వేతాంబర జైన గృహములలో పెక్కింటికి అది మామిడిపండు విడిచిపెట్టు దినము. అంగడిలో పండు మిక్కిలి చవుకయగు వేళకు ఇంటిలో నిషిద్ధమగుచున్నది! ఇందుకు పెద్దలు చెప్పు కారణము జీవోత్పత్తి. తోటల శాస్త్రము నేర్చినవారును ఇంచుమించుగా ఇదియే చెప్పుదురు. వానలతోపాటు పండుఈగ ప్రబలును. ఆడ ఈగ తొక్క క్రింద గ్రుడ్లు పెట్టును. పైకి సూది గ్రుచ్చినంత గుర్తు మాత్రమే కనబడును; లోపల గుజ్జు నిండ పురుగు.

ఇట్టి సమయమున హోసూరులోని ఒక వర్తక గృహమును తలచుకొనుడు. ఆర్ద్రకు ఇంక వారము దినములున్నవి. కోడలు రెండు కిలోల పండ్లు, నిమ్మకాయలు, చక్కెర, కడిగిన గాజు సీసాలు ముందు పెట్టుకొని మొట్టమొదటిసారి జామ్ చేయబూనినది. అత్తగారు చూచి ఒక్కటే అడిగినది: “ఇప్పుడు చేసి మూత పెడతావు సరే. ఆర్ద్ర దాటినాక తినొచ్చా అమ్మాయ్?”

కోడలు జవాబు చెప్పలేకపోయినది. ఆమె తప్పు లేదు. ఊరగాయ ఇరువదిరెండు అభక్ష్యములలో చేరినది. అయినను మూడు తీగల పాకమున వండిన మురబ్బా నిలువ యుండునని అంగీకరించిన ఆచార్యులు కలరు. ఏ ఇంటివారు ఆ ఇంటి గురువుల నడిగి నడచుకొనవలసినదే. కాని ఆమె ప్రశ్నలో ఇంకొక ప్రశ్న దాగియున్నది. కాలమును సీసాలో బంధింపగలమని అనుకొన్న మనిషికి కాలమర్యాద అనునది ఇంక ఉన్నదా, తొలగిపోయినదా?

ముందు వంట సంగతి. రెండు కిలోల పండ్లకు సుమారు ఒక కిలో గుజ్జు దిగును. దానికి ముప్పాతిక కిలో మొదలు కిలో వరకు చక్కెర, రెండు నిమ్మకాయల రసము. కోడలు దగ్గర ఒక వంటపుస్తకము, ఒక ఉష్ణమాపకము ఉన్నవి. 105 డిగ్రీలు రాగానే దింపవలెనని పుస్తకము చెప్పుచున్నది. అది సముద్రతీరపు లెక్క. హోసూరు సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరనే మరగును. నీరు మరగు వేడికంటె నాలుగైదు డిగ్రీలు మించినప్పుడు జామ్ సిద్ధమగును గనుక, హోసూరున 102 దగ్గరనే దింపవలెను. 105 కొరకు కాచుకొన్న గృహిణికి మిగులునది అడుగంటిన ముద్ద. అత్తగారికి డిగ్రీలు తెలియవు గాని పాకము తెలియును. చల్లని పళ్లెములో ఒక చుక్క వేసి వ్రేలితో త్రోసి, పైన ముడుతలు పడగానే “దించెయ్” అన్నది. నియమమును అక్షరముగా పట్టుకొనుట వేరు, దాని ప్రయోజనమును తెలిసికొనుట వేరు అని చెప్పుటకు ఇంతకంటె శాస్త్రవాదము అక్కరలేదు.

పిమ్మట సీసాలు. ఖాళీ సీసాలను మరగబెట్టి, వేడిగానే జామ్ నింపి, మూతలు బిగించి, మరల మరుగు నీటిలో నిలుపవలెను. సముద్రమట్టమున అయిదు నిమిషములు చాలునన్నచోట హోసూరు ఎత్తున పది నిమిషములు. ఇక్కడ అహింసావ్రతము గల మనసు ఒక క్షణము ఆగును. ఈ మరగబెట్టుట ఎవరిని చంపుటకు? కంటికి కనబడనివారినే గదా!

ఈ శంకకు జైన గృహములలో తరతరములుగా ఒక జవాబు ఉన్నది. అది కాచిన నీరు. నీటిని కాచునప్పుడు జీవహాని లేదని ఎవరును అనలేదు. క్షణక్షణము పుట్టి చచ్చు జీవపరంపరను కొంత కాలము ఆపుటకే యతనముతో ఆ పని చేయుదురు. అయితే ఆ నీటికిని గడువు కలదు. వానకాలమున మూడు జాములు, చలికాలమున నాలుగు, ఎండకాలమున అయిదు. (జాము అనగా ఇక్కడ మూడు గంటల కాలము, వండిన జామ్ కాదు. రెండు మాటలును చెవికి ఒక్కటే యగుట తెలుగువారి అదృష్టము.) గడువు దాటిన నీరు ముందటి నీటివలెనే తేటగా నుండును. కంటికి ఏ భేదమును లేదు. లెక్క తప్ప వేరు సాక్షి లేదు. పెరుగుటకు అవకాశమీయకుండుటయే చంపుటకంటె మేలైన మార్గమని ఈ ఆచారపు తాత్పర్యము. జామ్ సీసా చేయునదియు చాలమట్టుకు అదియే. చక్కెర నీటిని పట్టి యుంచును. నిమ్మపులుసు వాసము కష్టము చేయును. బిగిసిన మూత క్రొత్తవారిని రానీయదు. శాస్త్రజ్ఞులు చెప్పు సూక్ష్మజీవులును, ఆగమములు చెప్పు రసజ జీవులును ఒకటియేనా అనునది పండితుల చర్చ. పొయ్యి దగ్గర నిలిచిన ఇల్లాలు ఆ తీర్పు వచ్చువరకు ఆగనక్కరలేదు.

ఆహారమును సీసాలో పెట్టి మరగబెట్టి నిలువచేయు పద్ధతిని లోకమునకు చూపినవాడు నికొలాస్ అప్పేర్ అను ఫ్రెంచి మిఠాయి వర్తకుడు. 1810లో ఆ దేశపు ప్రభుత్వము అతనికి 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చినది. ఆహారము ఎందుకు చెడకున్నదో అతనికి తెలియదు. అర్ధశతాబ్దము గడచిన తరువాత పాశ్చర్ పరిశోధనలవలన గాని కారణము తేలలేదు. కారణము తెలియకయే సరియైన ఆచరణ నిలుచుట ఒక్క మన పెద్దలయందే జరిగినది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. రంగు, వాసన, రుచి, స్పర్శ మారిన పదార్థము చలిత రసము, తినరాదు. ఇది శ్రావకులకు పరిచితమైన నియమము. పళ్లెములోని అన్నమునకు, గిన్నెలోని పప్పునకు ఈ నియమము చక్కగా చెల్లును. తినువాని ముక్కే న్యాయాధిపతి. కాని మూత వేసిన సీసాకు ముక్కు చేరలేదు. మామిడి జామ్ పుల్లనిది గనుక పెద్ద ప్రమాదము లేదు. ఇదే ధైర్యముతో చిక్కుడుకాయలనో బటానీలనో ఉడికించి సీసాలో పెట్టినచో సంగతి వేరు. పులుపు లేని పదార్థములో మరుగు నీటికి చావని బీజములు మిగులును. వానిని అణచుటకు ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడి కావలెను. లేనిచో గాలి చొరని ఆ సీసాలోనే అవి మొలకెత్తి విషము పుట్టించును. ఆ విషమునకు రంగు లేదు. ఒక్కొక్కప్పుడు వాసన కూడ ఉండదు.

అనగా సీసా మూతతో సాక్షి మారినాడు. ఇంతకాలము తినువాని నాలుక సాక్షి. ఇంక వండినవాని మాటయే సాక్షి. పండు ఏనాటిది, పురుగున్న ముక్కను తీసివేసినారా, పులుపు చాలినదా, మూత సరిగా పడినదా – ఇవన్నియు మూత వేసినవానికి మాత్రమే తెలియును. అందువలన ఈ పని అహింసావ్రతముతో మొదలై సత్యవ్రతమున, అస్తేయవ్రతమున వచ్చి పడుచున్నది.

వర్తక కుటుంబములకు ఇది పరాయి మాట కాదు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రమున అస్తేయవ్రతపు అతిచారములలో తప్పుడు తూనికలతోపాటు ప్రతిరూపక వ్యవహారమును చెప్పినాడు. అనగా ఒక సరుకని చెప్పి దానివంటి మరియొక సరుకు ఇచ్చుట. అంగడి జామ్‌లో పండు నూటికి 45 పాళ్లకు తగ్గరాదని 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు నియమించినది. 2006లో క్రొత్త ఆహార భద్రతా చట్టము వచ్చినది. చట్టము పాళ్లు చెప్పగలదు. చిక్కదనమునకు వాడినది పండ్ల తొక్కలనుండి తీసిన పెక్టినా, పశువుల ఎముకలు, చర్మములనుండి తీసిన జెలటినా? ఎర్రరంగు దుంపదా, కొచినీల్ అను పురుగులను ఎండబెట్టి తీసినదా? చీటీ చదువుటకు ఓపిక లేని కొనుగోలుదారునకు అంగడివాని నోటిమాటయే ఆధారము. “ఏమో, కంపెనీవాళ్లు వేసిందే” అని చెప్పి చిల్లర లెక్కపెట్టు వర్తకుడు అబద్ధమాడలేదు, నిజమే. అంతమాత్రమున అతడు తప్పుకొన్నట్లు తోచదు.

అపరిగ్రహము మాట కూడ ఉన్నది. ఉపాసక దశాంగములోని ఆనంద శ్రావకుడు తాను వాడుకొను ఒక్కొక్క వస్తువునకు పరిమితి పెట్టుకొనెను. సీసాలు నిండుచున్నకొలది ఇంకొక పది కిలోలు తెప్పింతమను ఆశ పుట్టును. దిబ్బలలో కుళ్లు పండునందు పుట్టి చచ్చు జీవులకు లెక్క లేదు గనుక పండును కాపాడుట మంచిదే. కాని ఆ మంచితనము నెపముగా ఇల్లు గోదామగుట కూడ కద్దు. ఎన్ని సీసాలు చాలునో ఆకలిని బట్టి నిర్ణయింపవలెను గాని ధర చవుకను బట్టి కాదు.

ఆ ఇంటిలో ఆరు సీసాలు నిండినవి. చల్లారుచుండగా ఒక్కొక్క మూత నడుమ టిక్కుమని లోనికి దిగినది. అయిదు దిగినవి, ఆరవది దిగలేదు. మామగారు కొట్టునుండి వచ్చి చూచి, “దాన్ని కొట్లో కుర్రాడికిచ్చెయ్యండి, ఇంటికి పట్టుకుపోతాడు పాపం” అన్నాడు.

“మనం దాచుకోలేనిది వాడెలా దాచుకుంటాడు మామయ్యా?” అన్నది కోడలు. “ఈ పూటే తీద్దాం. వాడికీ ఇక్కడే పెడదాం.”

సూర్యాస్తమయమునకు ముందే ఆ సీసా రొట్టెలతో ఖాళీ అయినది. తక్కిన అయిదింటికి కోడలు కాగితపు ముక్కలు అంటించి, పండు పేరు, వండిన తేదీ, నిమ్మకాయల లెక్క వ్రాసినది. గురువులను అడుగువరకు ఆర్ద్ర తరువాత తెరవరాదని అత్తగారు వానిని బీరువా పై అరలో పెట్టి తాళము వేసినది.