దాచడమా, తేల్చడమా?

తెలుగులో ‘అటకెక్కించడం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. వస్తువును తీసి అటక మీద పెట్టడం ఒకటి. పనిని ఎటూ తేల్చకుండా పక్కన పడేయడం రెండోది. రెంటికీ ఒకే మాట వాడిన మన పెద్దలకు లోకజ్ఞానం బాగానే ఉండి ఉండాలి. అటక మీదికి పోయినది చాలాసార్లు దాచుకున్న వస్తువు కాదు, దాని సంగతి రేపు చూద్దామని వాయిదా వేసిన వస్తువు. ఇప్పటి ఇళ్ళలో అటకలు తక్కువ. ఆ ఉద్యోగం కారు షెడ్డుకు వచ్చింది. మా తిరువళ్లూరులో సాయంత్రం పూట నాలుగు వీధులు తిరిగి చూడండి. లక్షలు పోసి కొన్న కారు వేపచెట్టు కింద కాకిరెట్టలు మోస్తూ ఉంటుంది. కాలు విరిగిన కుర్చీ, పనిచేయని మిక్సీ, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె మాత్రం షెడ్డులో నీడపట్టున సుఖంగా ఉంటాయి.

ఈ షెడ్డును ఖాళీ చేయడం చీపురుకూ చేటకూ సంబంధించిన పని అనుకుంటాం. నా మటుకు నాకు అదొక ధర్మసందేహంగా కనిపిస్తుంది. మనకు అక్కరలేనిదీ, మన ముందువాళ్ళు మాత్రం ప్రాణంగా చూసుకున్నదీ అయిన వస్తువును ఏం చేయాలి? పారేస్తే కృతఘ్నత అవుతుందా? ఉంచుకుంటే లోభమవుతుందా? అసలు ఆ సంగతి తేల్చే హక్కు ఎవరిది?

మన ఆచారం దీనికి సంవత్సరంలో ఒక రోజు కేటాయించింది. అది భోగి. ఈ విషయంలో తమిళులకూ మనకూ తేడా లేదు. తెల్లవారుజామున ఇంటి ముందు మంట, అందులో పాత సామాను. చిరిగిన చాపలు, అరిగిన చీపుర్లు, విరిగిన చేటలు మాత్రమే ఉన్న కాలంలో అది చక్కని ఏర్పాటు. అన్నీ మట్టిలోంచి వచ్చినవే, బూడిదై మట్టిలో కలిసేవే. తరువాత ఆ మంటలోకి టైర్లూ ప్లాస్టిక్కూ వచ్చి చేరాయి. 2018 భోగి నాడు పొగా పొగమంచూ కలిసి కమ్మేస్తే చెన్నైలో దిగవలసిన విమానాలను వేరే ఊళ్ళకు మళ్ళించవలసి వచ్చింది. పొగ సంగతి అటుంచండి. నిప్పుతో ఇంకో చిక్కుంది. తానేం కాలుస్తున్నదో అది అడగదు.

ఉ.వే. స్వామినాథయ్యర్ (1855–1942) తమిళ ప్రాచీన గ్రంథాల కోసం ఊరూరా తిరిగిన మహానుభావుడు. కరివలం వందనల్లూరు ఆలయానికి వెళ్ళి తాళపత్రాల సంగతి అడిగితే, శిథిలమైన ఆకులను నేతిలో ముంచి హోమం చేసేశామని అక్కడివాళ్ళు చెప్పినట్టు ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. వాళ్ళు నిర్లక్ష్యంతో చేయలేదు, భక్తితోనే చేశారు. భక్తితో చేసినా పోయింది పోయిందే. బ్రౌను దొర సొంత డబ్బుతో పండితులనూ లేఖకులనూ పెట్టుకొని సేకరించి, ప్రతులు రాయించి ఉండకపోతే మన తెలుగు తాళపత్రాల్లో ఎన్నిటికో అదే గతి పట్టేది.

అయితే ఏదీ పారేయకుండా ఉండటమే మార్గమా? చెట్టినాడులోని కోట్టైయూరులో రోజా ముత్తయ్య అనే ఆయన జీవితమంతా అచ్చు పుస్తకాలు, పత్రికలు కూడబెట్టారు. 1992లో ఆయన కన్నుమూశాక చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణను కొని, దాన్ని చెన్నైలోనే ఉంచి గ్రంథాలయం ఏర్పడేలా చేసింది. దారిన పోయేవాడికి ఆ ఇల్లు కూడా కిక్కిరిసిన షెడ్డులాగే కనిపించి ఉంటుంది. కాని ఆయనకు తన దగ్గర ఏముందో తెలుసు, ఎందుకుందో తెలుసు. దాచడానికీ పోగుపడటానికీ తేడా అక్కడే ఉంది. సామాను ఎంత ఉందన్నది కాదు ప్రశ్న, దాని సంగతి తెలిసిన మనిషి ఉన్నాడా అన్నది.

నేను వాణిజ్యశాస్త్రం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. వేదాంతం నా వృత్తి కాదు. అందుకని నాకు తెలిసిన భాషలో చెబుతాను. లెక్కల్లో అనామతు ఖాతా అని ఒకటుంది. ఒక మొత్తం వచ్చింది, అది ఎవరి ఖాతాకు చేర్చాలో ఆ పూట తెలియలేదు అనుకోండి. తెలిసేదాకా దాన్ని అనామతులో వేస్తాం. అందులో తప్పు లేదు, అది అవసరం కూడా. కాని తనిఖీకి వచ్చిన ఆడిటరు ముందుగా చూసే ఖాతాల్లో అదొకటి. ఎందుకంటే నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం సంగతి తెలిసిన గుమాస్తా బదిలీ అయి పోతాడు, వోచరు మీద సిరా వెలిసిపోతుంది. చివరికి అంకె మిగులుతుంది, దాని కథ మిగలదు. మన షెడ్డు ఇంటికి అనామతు ఖాతా.

బ్యాంకులు కూడా అన్నిటినీ కలకాలం దాచవు. 1985 నాటి నిబంధనల ప్రకారం కొన్ని రికార్డులను కనీసం 5 ఏళ్లు, మరికొన్నిటిని కనీసం 8 ఏళ్లు ఉంచాలి. 10 ఏళ్లు ఎవరూ కదిలించని డిపాజిట్లు 2014లో ఏర్పడిన ఒక నిధి కింద రిజర్వు బ్యాంకుకు చేరుతున్నాయి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. డబ్బు బ్యాంకును విడిచి పోతుంది కాని, ఖాతాదారుడి హక్కు పోదు. ఆయనో ఆయన వారసులో వచ్చి రుజువు చూపితే ఇవ్వవలసిందే. వస్తువును దగ్గర ఉంచుకోకపోవడం వేరు, దానిమీద ఉన్న రుణాన్ని కాదనడం వేరు. ఇంటి సామాను విషయంలో మనం ఈ రెంటినీ ఒకటిగా చూస్తాం కనుకనే ఏదీ వదలలేకపోతాం.

ఇక మా షెడ్డు సంగతి. నాయన పోయాక తిరుత్తణి ఇల్లు అమ్మినప్పుడు అక్కడి సామాను ఒక చిన్న లారీలో తిరువళ్లూరు చేరింది. మొన్న వానలు వెలిశాక దాన్నంతా వాకిట్లోకి దించాం. చెదలు తిన్నవీ ఎలుకలు కొట్టినవీ తీసేయడానికి ఒక పూట పట్టింది. అందులో ఆలోచించవలసింది లేదు. ఎండిపోయిన పెయింటు డబ్బాలు, పాత బ్యాటరీ, టైర్లు ఇంట్లో ఉంచడమే అపాయం. టైరులో నిలిచిన గుక్కెడు నీళ్ళు డెంగీ దోమకు చాలు. ఇత్తడి గుండిగ, తిరగలి మా చెల్లెలు తీసుకుంది, వాడుతోంది కూడా. ఇనుమూ ప్లాస్టిక్కూ కాయలాన్ కడై ఆయన తూచి తీసుకుపోయాడు. చివరికి ట్రంకు పెట్టె మిగిలింది. అందులో తాత మొదలుపెట్టి నాయన నడిపిన జవుళి కొట్టు చిట్టా ఆవర్జాలు ఉన్నాయి.

మా అబ్బాయి ఒక పుస్తకం తిరగేసి, “ఇదంతా ఎందుకు పెట్టుకోనుండావు నాయనా? దేనికన్నా పనికొస్తుందా?” అన్నాడు. వాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, చదవలేడు. బడిలో చదివింది ఇంగ్లీషు, తమిళం. వాడి కంటికి అది కాగితం. కిలో లెక్కన దాని వెల చెప్పగలడు. అందులో వాణ్ణి తప్పు పట్టడానికి ఏమీ లేదు.

నేను కూర్చుని చదివాను. 1957 మార్చి దాకా అణాల లెక్క, ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు. పంచె ధర, చీర ధర, బండి బాడుగ. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఊరు కదలలేదు, కొట్టు కదలలేదు. చిట్టాలో ఆ రోజు కూడా ఎప్పటిలాగే తెలుగులో అమ్మకం రాసి ఉంది. ఇది మా ఇంటి లెక్కే కాదు, ఊరి చరిత్ర కూడా.

ఆవర్జా చివర మాత్రం వేరే పుటలున్నాయి. రాని బాకీలు. పేరు, ఇంటిపేరు, వీధి, మొత్తం. కొన్నిటి పక్కన నాయన ఒక ముక్క రాసుకున్నాడు: కూతురి పెళ్ళికి, మగ్గం ఆగిపోయినప్పుడు, ఆస్పత్రి ఖర్చుకు. ఆ కుటుంబాల మనవలు కొందరు నాకు తెలుసు. అవి ఎన్నడో కాలదోషం పట్టిన బాకీలు. చట్టం వాటిని వదిలేసింది, నాయన కూడా వదిలేసినట్టే. ఇంతకూ ఆ పుటలు ఎవరివి? కాగితం మాది, రాత నాయనది, అందులో ఉన్న కష్టం వాళ్ళది. బ్యాంకులో చేరేటప్పుడు ఖాతాదారుల సంగతులు బయటపెట్టబోమని సంతకం చేస్తాం. నాయన ఏ కాగితం మీదా సంతకం చేయకుండానే ఆ నియమం పాటించాడు. ఒక్క పేరు కూడా ఆయన నోట మేము వినలేదు.

లెక్కల పుటలు విడదీసి, వేపాకు వేసి అట్టపెట్టెలో కట్టాను, ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వడానికి. బాకీల పుటలు చించి నీళ్ళలో నానబెట్టి, ముద్ద చేసి కొబ్బరిచెట్టు మొదట్లో వేశాను. తాత పడ్డ కష్టం తెలుసుకొనే హక్కు మనవడికి లేదా అని మీరడగవచ్చు. ఉండవచ్చు. కాని అది పకోడీల పొట్లం మీద తెలియకూడదు. ఆ పెట్టె ఉన్నది ఉన్నట్టుగా మా అబ్బాయి చేతికి వెళ్ళి ఉంటే జరిగేది అదే. వాడు చెడ్డవాడై కాదు, చదవలేక.

మనవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. పాత దస్తావేజులు, పంపకాల కాగితాలు, అవ్వ పాటలు రాసుకున్న పుస్తకం, కట్ట కట్టిన ‘భారతి’ సంచికలు, ‘చందమామ’లు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి మొదటి భాషగా ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి పైకెక్కింది. దాని మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. చట్టం రాకముందే చాలామంది పిల్లలు తెలుగు అక్షరానికి దూరమయ్యారు. ఫలితం ఒక్కటే. మన ఇళ్ళు చాలావాటిలో తెలుగు చదవగల చివరి మనిషి యాభై దాటినవాడు. అతనితోబాటు ఆ పెట్టెలో ఏది దస్తావేజో, ఏది చాకలి పద్దో చెప్పగల కన్ను కూడా పోతుంది.

కనుక నాకు తోచిన ధర్మం ఇది. వస్తువు సంగతి తెలిసినవాడే దాన్ని తేల్చాలి, తెలిసి ఉండగానే తేల్చాలి. తేల్చకుండా ఉంచడం పెద్దల మీద గౌరవంలాగా కనిపిస్తుంది గాని, నిజానికి అది ఆ బరువును తెలియనివాడి నెత్తికెత్తడం. స్వీడన్ దేశంలో వయసు మళ్ళినవాళ్ళు తమ తరువాత పిల్లలకు భారం కాకుండా సామాను తామే సర్దిపెట్టడానికి ఒక పేరే ఉంది. దానిమీద మార్గరెటా మాగ్నుసన్ అనే ఆమె పుస్తకం కూడా రాసింది. వాళ్ళు భారం గురించి ఆలోచించారు. మనలాంటి భాషా అల్పసంఖ్యాకులు భారంతోబాటు అర్థం గురించి కూడా ఆలోచించవలసి ఉంది.

తేల్చడమంటే పారేయడమని కాదు. ఉంచదలచినదాని మీద ఇది ఏమిటి, ఎవరిది, ఎందుకుంచాం అని రెండు ముక్కలు రాసి అంటించాలి. పిల్లలు చదవగల లిపిలో రాయాలి, తమిళమైతే తమిళం. తెలుగు పుస్తకం మీద తమిళ చీటీ అంటించడం మొదట్లో చేతికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా ఆ చీటీ ఉంటేనే ఆ పుస్తకం నిలుస్తుంది. ఇవ్వదలచినది అడిగి ఇవ్వాలి. అడగకుండా ఒకరి గుమ్మంలో దించి రావడం దానం కాదు, అది ఇంకో షెడ్డును వెతుక్కోవడమే.

ఇంత చెప్పాక కూడా తేలని వస్తువులు కొన్ని ఉంటాయి. రంగు వెలిసిన దేవుడి పటాలున్నాయి. ఇంట్లో ఉంచలేక, చెత్తలో వేయలేక జనం వాటిని రావిచెట్టు కింద ఆనించి, దండం పెట్టి వచ్చేస్తారు. తిరుత్తణి కొండకు పోయే దారిలోనూ అలా వానకు తడిసే మురుగన్ పటాలు చూశాను. తేల్చలేని సంగతిని చెట్టుకు అప్పజెప్పడమన్న మాట. అద్దం, చట్రం విడదీసి, కాగితం నానబెట్టి మట్టిలో కలపడం అంతకంటే మర్యాద అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉంటారు. వాదించను. కాని ఏది చేసినా చేసేవాడికి ఆ పటంలో ఎవరున్నారో తెలిసి ఉండాలి, చేతులు అతనివే అయి ఉండాలి.