బాటసారి హక్కు

ప్రయాణం మనిషిని ఒక్క పూటలో నిరుపేదను చేయగలదు. సొంత ఊళ్ళో పదిమందికి అన్నం పెట్టే స్తోమత ఉన్నవాడు కూడా పరదేశంలో సంచి పోగొట్టుకుంటేనో, దారి తప్పితేనో, అక్కడి భాష రాకపోతేనో గుక్కెడు నీళ్ళ కోసం ఇతరుల ముఖం చూడాల్సి వస్తుంది. అందుకే దివ్యఖుర్ఆన్ జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొంటూ (సూరె తౌబా, 60వ ఆయత్) అందులో 'ఇబ్నుస్సబీల్'ను, అంటే బాటసారిని కూడా చేర్చింది. ఈ అరబీ పదానికి 'దారి బిడ్డ' అని అర్థం. ఇంటి దగ్గర ఆస్తిపాస్తులు ఉన్నప్పటికీ, ప్రయాణంలో చేతిలో ఏమీ లేకుండా పోయినవాడు అవసరమైనంత జకాత్ తీసుకోవచ్చని ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) వివరించారు. సూరె బనీ ఇస్రాయీల్ 26వ ఆయత్‌లో బంధువులకు, పేదలకు, బాటసారులకు ఇచ్చేదాన్ని అల్లాహ్ 'హక్కు' అన్నాడు. అంటే బాటసారికి పెట్టే పిడికెడు అన్నం మనం చేసే ఉపకారం కాదు. మన దగ్గర ఉన్న అతని సొత్తును అతనికి అప్పగించడం.

ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న

ప్రియ సోదర సోదరీమణులారా! హజ్ యాత్ర నుండి తిరిగి వచ్చిన ఒక పెద్దావిడ ఆ మధ్య మా మదరసాకు వచ్చి ఒక మసలా అడిగారు. మదీనాలో ఇషా నమాజ్ తర్వాత ఆమె తన వాళ్ళ నుండి విడిపోయారట. మస్జిదె నబవీ నుండి ఏ గేటు గుండా బయటికి వచ్చారో గుర్తు లేదు. వచ్చిన భాష తెలుగు, కొద్దిగా మన ఇళ్ళల్లో మాట్లాడుకునే ఉర్దూ. చాలాసేపు తిరిగి తిరిగి, కాళ్ళు నొప్పిపుట్టి ఒక రొట్టెల దుకాణం ముందు కూలబడ్డారు. ఆ దుకాణదారుడు ఏ దేశం వాడో ఆమెకు తెలియదు. అతను తందూరు దగ్గరి నుండి లేచి వచ్చి ఒక వేడి రొట్టె, కప్పుడు చాయ్ ఆమె చేతికిచ్చాడు. మెడలోని కార్డు మీద బిల్డింగు వివరాలు చూసి, తన పనిపిల్లవాణ్ణి తోడిచ్చి పంపాడు. ఆమె రియాళ్ళు తీయబోతే కుడిచేయి గుండెల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అతని మాటల్లో ఆమెకు అర్థమైంది ఒక్కటే - "దుఆ".

"మౌల్వీసాబ్! ఆ బిడ్డ పేరన్నా అడగలేదు నేను. మళ్ళీ అక్కడికి పోయేదాన్నీ కాదు. ఆ రొట్టె రుణం నా మీద ఉండిపోయింది. నేను కన్ను మూసేలోగా అది ఎట్లా తీరుతుంది?" ఇదీ ఆమె ప్రశ్న.

ఆలోచిస్తే ఇది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు. ఉమ్రాకు వెళ్ళి వచ్చినవారిని, కువైట్‌లో పనిచేసి వచ్చిన కడప, రాయచోటి సోదరులను, దుబాయ్ నుండి తిరిగివచ్చిన కరీంనగర్, నిజామాబాద్ వాసులను అడిగి చూడండి. జీతం అందేదాకా ఖాతా రాసుకుని చాయ్, పరోటా పెట్టిన కెఫెటేరియా మలయాళీని గురించి ఒకరు చెబుతారు. రమజాన్‌లో మస్జిదె నబవీ వాకిట చేయి పట్టుకుని మరీ తన దస్తర్‌ఖాన్ దగ్గరికి తీసుకువెళ్ళి ఖర్జూరాలు, రొట్టె, పెరుగు, ఖహ్వా ముందుంచిన అరబ్బు పిల్లవాణ్ణి గురించి మరొకరు చెబుతారు. హజ్ రోజుల్లో 'సబీల్' పేరుతో ఉచితంగా పంచే నీళ్ళు, భోజనం పొట్లాలు తీసుకోని హాజీ అరుదు. ఈ సంగతులను మనం నలుగురిలో కూర్చుని ఇష్టంగా చెప్పుకుంటాం. అయితే చెప్పుకోవడంతోనే ఆ రుణం తీరిపోతుందా?

ఉమ్మె మఅబద్ గుడారం

క్రీ.శ. 622. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేస్తున్నారు. వెంట హజ్రత్ అబూబక్ర్ (రజి), ఆయన సేవకుడు ఆమిర్ బిన్ ఫుహైరా (రజి), దారి చూపే అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ ఉన్నారు. ఖుదైద్ ప్రాంతంలో ఖుజాఆ తెగకు చెందిన ఉమ్మె మఅబద్ అనే స్త్రీ గుడారం ఉండేది. ఆ దారిన వెళ్ళేవారికి అన్నపానీయాలు అందించడం ఆమె అలవాటని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ప్రవక్త (స), ఆయన సహచరులు ఆమె దగ్గర ఖర్జూరాలు, మాంసం ఉంటే కొనుక్కుంటామని అడిగారు. అది కరువు కాలం. ఆమె దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. గుడారం మూలన మందతో పాటు నడవలేక ఆగిపోయిన ఒక బక్క మేక మాత్రం ఉంది. దాని పాలు పితకడానికి ప్రవక్త (స) ఆమె అనుమతి కోరారు. అల్లాహ్ పేరు తీసుకుని పితికితే పెద్ద పాత్ర నిండింది. మొదట ఆమెకు తాగించారు. తర్వాత సహచరులకు ఇచ్చారు. అందరికంటే చివర తాము తాగారు. మళ్ళీ ఒకసారి పాత్ర నిండా పితికి, దాన్ని ఆమె దగ్గరే వదిలి ముందుకు సాగిపోయారు.

ఈ సంఘటనలోని అద్భుతాన్ని మనం అందరం గుర్తుంచుకుంటాం. అందులోని సంస్కారాన్ని కూడా గుర్తుంచుకోవాలి. అడిగింది ఉచితంగా కాదు, ధర ఇచ్చి కొనడానికి. మేక ఎదురుగానే ఉన్నా యజమానురాలి అనుమతి లేకుండా చేయి వేయలేదు. తొలి గుక్క ఇంటి ఆవిడకు దక్కింది. వెళ్ళేటప్పుడు ఆ ఇంట్లో నిండిన పాత్ర ఉంది. ప్రయాణికుడు పరాయి గడపలో ఎలా మెలగాలో ఇంతకంటే గొప్ప పాఠం ఏముంటుంది?

మరో విషయం గమనించండి. అప్పటికి ఉమ్మె మఅబద్ ఇస్లాం స్వీకరించలేదు. వచ్చినవారు ఎవరో కూడా ఆమెకు తెలియదు. దారి చూపిన అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ కూడా తన జాతివారి మతం మీదే ఉన్నాడని బుఖారీ ఉల్లేఖనంలో ఉంది. అయినా ప్రవక్త (స) అతని నిజాయితీని నమ్మి తన ప్రాణాన్ని అతని చేతిలో పెట్టారు. కనుక ప్రయాణంలో మనకు మేలు చేసినవారు ఏ మతస్థులైనా సరే, ఆ మేలును మేలుగా ఒప్పుకోవడం విశ్వాసి లక్షణం. హలాల్, హరామ్ విషయంలో మన జాగ్రత్త మనకు ఉండాలి. కాని ఆ జాగ్రత్త పేరుతో కృతజ్ఞతను మరచిపోకూడదు. మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడు కాలేడన్న భావం గల హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది.

బేరంలో ఉన్న దయ

పరదేశంలో అందరూ ఉచితంగా పెట్టాలని మనం కోరుకోవడం సరికాదు. తిండి అమ్ముకునేవాడికి కూడా ఆలుబిడ్డలు ఉంటారు. కొత్తవాడు వచ్చాడని, ధర తెలియదని పది రూపాయల వస్తువును ఇరవైకి అంటగట్టకపోవడమే వ్యాపారి చేయగల తొలి మేలు. బయటి నుండి సరుకు తెచ్చేవారు బజారు ధర తెలుసుకోకముందే దారిలో ఎదురేగి చవకగా కొనేయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని రద్దు చేసుకోవచ్చని సహీహ్ ముస్లిం ఉల్లేఖనం తెలుపుతోంది. అంటే, తెలియనివాడి తెలియనితనాన్ని సొమ్ము చేసుకునే దారిని షరీఅత్ మూసివేసింది. అమ్మేటప్పుడూ, కొనేటప్పుడూ, బాకీ అడిగేటప్పుడూ మెత్తగా వ్యవహరించేవాడి కోసం ప్రవక్త (స) దైవకారుణ్యాన్ని వేడుకున్నారు (బుఖారీ). ఇందులో కొనేవాడు కూడా ఉన్నాడు. హరమ్ బయట రెండు రియాళ్ళ కోసం చిరువ్యాపారితో గొంతు చించుకునే మనం ఈ మాటను మరచిపోతున్నాం.

అలాగే అతిథికి కూడా హద్దులున్నాయి. ఆతిథ్యం మూడు రోజులు. ఆ పైన పెట్టేది సదఖా. ఆతిథ్యమిచ్చినవాణ్ణి ఇబ్బందిలో పడవేసే దాకా ఉండిపోవడం ధర్మం కాదని బుఖారీ హదీసు ద్వారా తెలుస్తోంది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్నంత తినవచ్చు. సంచులు నింపుకుని గదికి మోసుకుపోవడం, సగం తిని పారవేయడం మాత్రం పెట్టినవాడి మంచితనాన్ని అవమానించడమే.

రుణం తీర్చే చోటు

ఆ పెద్దావిడకు నేను రెండు మాటలు చెప్పాను. మొదటిది, మేలు చేసినవాడికి తిరిగి మేలు చేయండని, చేయలేకపోతే అతని కోసం దుఆ చేస్తూ ఉండండని ప్రవక్త (స) ఆదేశించారు (అబూదావూద్). ఆ బిడ్డ పేరు మీకు తెలియకపోయినా అల్లాహ్‌కు తెలుసు. "యా అల్లాహ్! ఆ రొట్టెల దుకాణం బిడ్డకు బర్కత్ ఇవ్వు" అంటే చాలు, అది చేరవలసిన చోటికి చేరుతుంది, ఇన్షా అల్లాహ్.

రెండవది, మీ ఊళ్ళో దారి తప్పిన మనిషి ఎవరో వెతకండి. ఇస్లాంలో ఏ పని ఉత్తమమైనదని ఒకరు అడిగితే, ప్రవక్త (స) అన్నం పెట్టడాన్నీ, తెలిసినవారికీ తెలియనివారికీ సలాం చెప్పడాన్నీ పేర్కొన్నారు (బుఖారీ). తెలియనివారు మన చుట్టూ లేరా? హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల ముందు జిల్లాల నుండి రోగుల వెంట వచ్చినవారు ఉన్నారు. ఒడిశా నుండి ఇటుక బట్టీలకు, బీహార్ నుండి భవన నిర్మాణ పనులకు వచ్చిన కూలీలు ఉన్నారు. మనకు మదీనాలో అరబీ రానట్లే వారికి ఇక్కడ తెలుగు రాదు. మదీనాలో మనకు దక్కిన మర్యాద వారికి మన వీధిలో దక్కుతోందా? 2020 లాక్‌డౌన్‌లో కాలినడకన సొంత ఊళ్ళకు బయల్దేరిన వలస కూలీలకు రహదారుల పక్కన నిలబడి అన్నం, నీళ్ళు ఇచ్చినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఆ గుణం ఆపద రోజులకే పరిమితం కాకూడదు.

మన పెద్దలు ఈ సంగతి ఎరిగినవారు. నిజాముల కాలంలో హైదరాబాద్ రాజ్యపు హాజీల బస కోసం మక్కాలో 'రుబాత్' భవనాలను వక్ఫ్ చేశారు. తాము ఎన్నడూ చూడని ప్రయాణికుల కోసం వారు చేసిన ఏర్పాటు అది.

సూరె కహ్ఫ్‌లో ఒక ఊరి ప్రస్తావన వస్తుంది (77వ ఆయత్). హజ్రత్ మూసా (అలైహి), హజ్రత్ ఖిజ్ర్ (అలైహి) ఆ ఊరివారిని ఆహారం అడిగితే వారు పెట్టడానికి నిరాకరించారు. అల్లాహ్ ఆ ఊరి పేరు చెప్పలేదు. వారి పిసినారితనాన్ని మాత్రం ప్రళయం దాకా చదవబడే గ్రంథంలో ఉంచాడు. అదే ఊళ్ళో పడిపోబోతున్న గోడను హజ్రత్ ఖిజ్ర్ (అలైహి) కూలి తీసుకోకుండా నిలబెట్టారు. పెట్టనివారికి కూడా మేలు చేయడం దైవదాసుల పద్ధతి. మరి పెట్టినవారి మేలును మరచిపోయే మనం ఎక్కడ ఉన్నాం?

దారిలో తన దగ్గర మిగులు నీళ్ళు ఉండి కూడా బాటసారికి ఇవ్వనివాడితో ప్రళయదినాన అల్లాహ్ మాట్లాడడు, అతని వైపు చూడడు అని బుఖారీ, ముస్లిం హదీసులు హెచ్చరిస్తున్నాయి. ఇక్కడ అడిగింది ఆస్తి కాదు. మిగిలిన నీళ్ళు. ప్రతి ఇంట్లో, ప్రతి హోటల్లో, ప్రతి మస్జిద్‌లో మిగులు నీళ్ళు, మిగులు రొట్టె ఉంటాయి. ఈ వారం మీ వీధిలో కనిపించే ఒక పరాయి మనిషిని పలకరించండి, పేరు అడగండి, ఒక పూట అన్నం పెట్టండి. ప్రయాణికుని దుఆ స్వీకరించబడుతుందన్న శుభవార్త హదీసుల్లో ఉంది. ఆ దుఆ మన పిల్లలకు అందితే అంతకు మించిన లాభం ఏముంది?

యా అల్లాహ్! దారిలో మాకు అన్నం పెట్టినవారి ఇళ్ళను నీ కారుణ్యంతో నింపు. మా గడప దగ్గరికి వచ్చిన బాటసారిని ఉత్తచేతులతో పంపే పాపం నుండి మమ్మల్ని కాపాడు. ఆమీన్.