గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల వేళ, ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ల అమ్మాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. ఆమే దుర్గాబాయి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లకు అక్కడ పాఠాలు చెప్పించారు, చేతిపనులు నేర్పించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలిగా ఉన్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు.

నియమం పెద్దవాళ్లకైనా ఒకటేనన్న పట్టుదల, మంచి పని తనతో ఆగిపోకూడదన్న ముందుచూపు ఆమె బలం. నర్సీపట్నం అమ్మలూ, అక్కలూ! వార్డు సమావేశానికో, బడి కమిటీకో పిలుపొస్తే ఆమెను తలచుకోండి, వెనక వరసలో కూర్చోకండి. కుళాయి నీళ్ల సంగతీ, వీధి దీపం సంగతీ మీరే అడగండి. ఇల్లు చక్కదిద్దే చేతులకు ఊరు చక్కదిద్దడం కొత్తేమీ కాదు.