దయయు కాయకమే



అమెరికాలోని మా దౌహిత్రుడు ఆస్ట్రేలియా జాతి తొండ నొకదానిని పెంచుచున్నాడు. అది మేత మాని చిక్కిపోగా, పశువైద్యుడు దాని మలమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ప్రేవులలో నులిపురుగు లున్నవని మందిచ్చెను. అయినను పురుగులు మరల కనబడినవి. గూడు శుభ్రపరుపకుండుటయే కారణము! మలములోని గ్రుడ్లు మేతతో తిరిగి లోనికి పోవుచుండెను.

బాలుడు ఏడ్చెను. పిదప అసహ్యము విడిచి, మరల మందు పోసి, దినదినము మలమెత్తి, గూడు కడిగి, తన చేతులు కడుగుకొని, దీపపు వేడి తగ్గకుండ కాచెను. తొండ తన వేడిని తాను పుట్టించుకొనలేదు. వెచ్చదనము లేనిదే దానికి మేత యరుగదు. కొన్ని వారములకు అది మేత ముట్టెను.

కన్నీరు దానిని బ్రతికింపలేదు. శుభ్రము చేసిన చేయి బ్రతికించినది. బసవేశ్వరుడు బోధించిన దయయు కాయకమును వేరు కావు. మన కొట్టమును నేడెవరు ఊడ్చిరో మనలను మనమే అడుగుకొందము.