అక్షరాభ్యాసం ఎవరి బాధ్యత?

తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలలు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. ఆ రోజుల్లోనే సాగే బడిబాటలో, అంటే ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి బడి ఈడు పిల్లలను గుర్తించి చేర్పించే కార్యక్రమంలో, సామూహిక అక్షరాభ్యాసం కూడా ఒక భాగం. సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం వంటి పారిశ్రామిక ప్రాంతాల బడుల్లో ఆ రోజు స్థానికుల పిల్లల పక్కన ఫ్యాక్టరీ పనులకు ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, నారాయణఖేడ్ వైపు తండాల నుంచి వచ్చిన లంబాడీ పిల్లలు, ముస్లిం పిల్లలు కూర్చుంటారు. మతాచారంగా పెరిగిన ఒక సంస్కారాన్ని ప్రజల సొమ్ముతో నడిచే బడి ఇందరు భిన్నమైన పిల్లల నడుమ జరపవచ్చునా, జరిపితే అందులో విడవరానిదేది, విడిచినా లోపం రానిదేది అన్న ప్రశ్న పైకి కనిపించేటంత చిన్నది కాదు.

పళ్లెంలో బియ్యం పరిచి, పిల్ల చూపుడువేలిని పెద్దలు తమ చేతిలోకి తీసుకొని అక్షరం దిద్దించడం, తరువాత పలకా బలపం చేతికివ్వడం ఈ సంస్కారంలో కనిపించే పని. ఇంటి సంస్కారాలను వివరించే ప్రాచీన గృహ్యసూత్రాల్లో ఉపనయనం ఉంది గాని అక్షరాభ్యాసానికి ప్రత్యేక స్థానం లేదు. ఐదో ఏట జరిపించే విద్యారంభంగా అది తరువాతి గ్రంథాల్లోనే కనిపిస్తుంది. ముస్లిం కుటుంబాల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయసులో బిస్మిల్లా జరిపి చదువు మొదలుపెట్టించే ఆచారం ఉంది. ఏడో శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు ఆరో ఏట సిద్ధం అనే వర్ణమాలతో చదువు మొదలుపెట్టి ఆరు నెలల్లో ముగిస్తారని రాశాడు. తెలుగువారి ఓనమాలలో శివుడికి నమస్కారం చెప్పిన వెంటనే వచ్చే సిద్ధం ఆ పాత వర్ణమాలను గుర్తుచేస్తుంది. పటాన్‌చెరు కూడా కల్యాణి చాళుక్యుల కాలంలో పొట్టలకెరె పేరుతో వెలిగి, జైన విగ్రహాలకు నెలవైన ఊరు. అందువల్ల తొలి అక్షరం మీద ఏ ఒక్క మతానికో హక్కు ఉన్నదనడానికి ఈ నేల మీద ఆధారం తక్కువ.

చదువు మొదలుపెట్టవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నను అందరికంటే నిశితంగా చర్చించినవారు మీమాంసకులు, అంటే వేదవాక్యాలు ఎవరిని ఏ పనికి ఆజ్ఞాపిస్తున్నాయో తర్కించిన దార్శనికులు. అలాంటి ఆజ్ఞను వారు విధి అన్నారు. వేదాన్ని అధ్యయనం చేయాలన్న విధి విద్యార్థినే ఉద్దేశించిందని కుమారిల భట్టు అనుయాయులు, అంటే భాట్టులు వాదించారు. ప్రభాకరుని అనుయాయులు దీన్ని ఒప్పుకోలేదు. ఇంకా చదువే రాని ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ విధి వాక్యం ఎలా అర్థమవుతుంది, అది తనకే చెప్పిందని వాడికి ఎలా తెలుస్తుంది అని వారు అడిగారు. కనుక అసలు విధి బోధించవలసిన గురువు మీదే ఉందనీ, పిల్లవాడి చదువు ఆ బోధన వెంట నడిచి వచ్చేదేననీ తేల్చారు. తండ్రీ పెద్దలూ చెప్పగా పిల్లవాడు తన కర్తవ్యాన్ని తెలుసుకుంటాడన్నది దీనికి భాట్టుల వైపు నుంచి వచ్చే సమాధానం. ఈ చర్చ అంతా ఉపనయనానికి అర్హులని ఆనాటి సమాజం ఒప్పుకున్న బాలుర గురించే సాగింది. ఆడపిల్లలు, శూద్రులు, ఆ వ్యవస్థకు వెలుపల నిలబెట్టబడినవారు అందులో లేరు. నేడు ఈ బడుల్లో కూర్చునే పిల్లల్లో చాలామంది పూర్వీకులు ఆ తలుపు బయటే ఉన్నారు. ఇది చిన్న లోపం కాదు, దాన్ని కప్పిపుచ్చకూడదు. అయినా ప్రభాకరుల తర్కం వారు గీసుకున్న గీత దగ్గర ఆగదు, ఎందుకంటే అర్థం చేసుకోలేని పసితనం ఏ కులానికైనా ఒకటే.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఇదే మాటను వేరే భాషలో చెప్పింది. ఆ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం నిర్బంధ విద్య అంటే పిల్లవాడి మీద పెట్టే నిర్బంధం కాదు, వాడిని చేర్పించి, హాజరయ్యేలా చూసి, చదువు పూర్తి చేయించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించాలన్న కర్తవ్యాన్ని రాజ్యాంగం 51ఎ అధికరణలో తల్లిదండ్రులకూ చెప్పింది, కానీ తండ్రి నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చి పడుకునే వేళకు తల్లి వేరే కంపెనీ గేటు దగ్గర నిలబడవలసిన ఇళ్లలో, ఇంటి పెద్దలే చెబుతారన్న భాట్టుల సమాధానం మీద భారమంతా వేయడం న్యాయం కాదు. ఇక్కడ ప్రభాకరుల పక్షమే సరైనది.

దీన్ని ఒప్పుకుంటే ముహూర్తం సంగతి కూడా మారుతుంది. వసంత పంచమికి, విజయదశమికి బాసరలోనూ వర్గల్ విద్యా సరస్వతి ఆలయంలోనూ పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. బడికి జూన్ నెల అలాంటి ముహూర్తమే. అయితే ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు చలికాలం మొదట్లో వచ్చి, వానలు పడే ముందు, సరిగ్గా బడి తెరిచే రోజులకే తిరుగు ప్రయాణం కడతాయి; ఫ్యాక్టరీ కార్మికులు పని దొరికినప్పుడు వస్తారు, కాంట్రాక్టు మారినప్పుడు వెళతారు. విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. బాధ్యత గురువుదైనప్పుడు, పిల్ల గడప తొక్కిన రోజే ఆ పిల్లకు ముహూర్తం కావాలి. నవంబరులో వచ్చిన పిల్లకు బియ్యం పళ్లెం లేకపోవడం ఆచారంలో లోపమే.

మంత్రం మాటకు వస్తే, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదని రాజ్యాంగం 28వ అధికరణ శాసిస్తోంది. మంత్రం తీసేస్తే సంస్కారం ఒట్టి వేడుకగా మిగులుతుందనే భయం నిజాయితీ గలదే, దాన్ని తేలికగా కొట్టివేయకూడదు. కానీ సమాధానం మీమాంసలోనే ఉంది. వారు ప్రతి కర్మలోనూ ప్రధానాన్ని, అంటే ఫలమిచ్చే అసలు పనిని, అంగం నుంచి, అంటే దానికి తోడ్పడే పని నుంచి వేరుచేసి చూశారు. మూల కర్మను అనుసరించి చేసే మరో కర్మలో దేవత మారితే మంత్రంలోని పేరునూ తగినట్లు మార్చుకోవాలన్నారు. ఆ మార్పుకు ఊహ అని పేరు. అక్షరాభ్యాసంలో ప్రధానం నేర్పడం, మంత్రం అంగం. ఇంట్లో, గుడిలో ఎవరి మంత్రం వారిది. బడిలో బియ్యం మీద పిల్ల తన పేరులోని మొదటి అక్షరం దిద్దితే ప్రధానానికి ఏ లోటూ రాదు, ఏ పిల్లా పక్కన నిలబడనక్కరలేదు.

నేర్పడమే ప్రధానమైనప్పుడు ఆ తరువాతి వారాల మాట ఏమిటి అన్నది ఇంకా బరువైన విషయం. 2020 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి ఎన్‌సీఈఆర్‌టీ ఒకటో తరగతి మొదట్లో మూడు నెలల పాటు జరపడానికి విద్యా ప్రవేశ్ అనే కార్యక్రమాన్ని రూపొందించింది. గింజలను రంగును బట్టి, సైజును బట్టి వేరుచేయడం, పేర్లను చప్పట్లతో విడగొట్టి పలకడం, బొమ్మ చూసి కథ చెప్పడం, గీతలు గీయడం వంటి ఆటపాటలతో పిల్లలను చదువుకు సిద్ధం చేయడం దాని ఉద్దేశం. ఒడియాలో పది దాకా లెక్కపెట్టగల పిల్లను, తెలుగులో చెప్పలేదన్న కారణంతో అంకెలు రాని పిల్లగా రాసుకోవడం ఆ ఉద్దేశానికే విరుద్ధం; గింజలు వేరుచేసేటప్పుడు ఆ పిల్ల తన భాషలోనే లెక్కపెట్టనిచ్చి, తెలుగు అంకెను పక్కన చేర్చడం ఉపాధ్యాయుడు చేయగల పని. ఆ మూడు నెలలనూ జూన్ 12 నుంచి కాక ఒక్కో పిల్ల చేరిన రోజు నుంచి లెక్కించాలంటే ఒకే గదిలో రెండు మూడు దశలు ఒకేసారి నడపాలి, అది ఒక్క టీచరు ఐదు తరగతులు చూసుకునే బడిలో సాధ్యం కాదు. కనుక పారిశ్రామిక ప్రాంతాల బడులకు ఉపాధ్యాయులను కేటాయించేటప్పుడు జూన్ నాటి హాజరుపట్టీతో పాటు ఏడాది పొడవునా చేరే పిల్లల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకోవడం ప్రభుత్వం మీద ఉన్న విధిలో భాగమే.