ఇది ఆ బండేనా?

మా నాన్న విజయనగరంలో మోటారు మెకానిక్కు. నేను కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇద్దరం చేసింది ఒకటే పని అని ఈమధ్య అనిపిస్తోంది: ఊడదీసి చూడడం. తేడా అల్లా, ఆయన మళ్లీ బిగించేవాడు.

నేను హైస్కూల్లో ఉండగా ఒక కలప వ్యాపారి గారి ఫియట్ 1100 షెడ్డుకొచ్చింది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు కట్టిన బండి. బ్లాకు పగిలిపోయింది. రీబోరుకీ స్లీవులకీ లొంగే స్థితి కాదు. నాన్న విశాఖపట్నం వెళ్లి, ఎక్కడో గుద్దుకుని తుక్కుకొచ్చిన ఇంకో ఫియట్ ఇంజను బేరమాడి తెచ్చి ఎక్కించాడు. వ్యాపారి గారు స్టార్ట్ చేసి, దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు విన్నారు. "శబ్దం మారింది మేస్త్రీ. ఇంజనంటే ప్రాణం కదా. ప్రాణమే మారాక ఇది నా బండెలా అవుతుంది?" అన్నారు.

అప్పుడు నాన్న చెప్పిన జవాబు నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అర్థమయ్యేలా చేసింది ఆ ఫియట్‌కు ముత్తాత వరసయ్యే ఒక కారు.

ఇటలీలోని టూరిన్‌లో ఫియట్ వాళ్లు 1910, 1911 ప్రాంతంలో ఎస్76 అనే పేరుతో రెండు కార్లు కట్టారు. ప్రపంచంలో అన్నిటికంటే వేగంగా పోవాలి, అంతే వాళ్ల కోరిక. ఇంజనుకు సిలిండర్లు నాలుగే. కానీ ఒక్కోదాని లోపలి వెడల్పు 190 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 250 మిల్లీమీటర్లు. మొత్తం 28,353 సీసీ. వ్యాపారి గారి బండిది 1,089 సీసీ. అలాంటి ఇంజన్లు ఇరవై ఆరు కలిపితే ఇదొక్కటి. చక్రాలను తిప్పడానికి సైకిలుకున్నట్టు చైన్లు. 1913 డిసెంబరులో ఆర్థర్ డ్యూరే అనే డ్రైవరు బెల్జియంలోని ఆస్టెండ్ దగ్గర దాన్ని గంటకు 213 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లాడు. రికార్డు రాయాలంటే అదే దారిన తిరిగి కూడా పరుగెత్తాలి. ఆ తిరుగు పరుగు కుదరలేదు. రికార్డు దక్కలేదు.

తర్వాత యుద్ధమొచ్చింది. రెండు కార్లలో ఒకదాన్ని ఫియట్ వాళ్లే విప్పేశారు, దాని ఇంజను మిగిలింది. రష్యన్ రాజవంశీకుడొకాయన కొనుక్కున్న రెండోది చేతులు మారి మారి ఆస్ట్రేలియా చేరింది. దానికి ఇంజను పోయి ఛాసిస్ మిగిలింది. 2003లో డంకన్ పిట్టవే అనే ఆయన ఆ ఛాసిస్‌ను ఇంగ్లండుకు తెచ్చాడు. మొదటి కారు ఇంజను సంపాదించి దానికి ఎక్కించాడు. గేరుబాక్సు, బాడీ, రేడియేటరు పాత డ్రాయింగులను బట్టి కొత్తగా చేయించాడు. 2014 చివర్లో, దాదాపు నూరేళ్ల తర్వాత, ఆ ఇంజను మళ్లీ పలికింది. మరుసటి ఏడు గుడ్‌వుడ్ కార్ల ఉత్సవంలో పక్కనున్న గొట్టాల్లోంచి మంటలు కక్కుతూ జనం ముందు పరుగెత్తింది.

మరి ఇది రెండిట్లో ఏ కారు?

భేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగిన తలలు మారిన మొగుడి కథ మనందరికీ తెలిసిందే. మొగుడి తల ఎవరికుంటే వాడే మొగుడు, అవయవాల్లో తలే ముఖ్యం అన్నాడు విక్రమార్కుడు. ఆ లెక్కన ఇంజను ఎవరిదో కారు వాళ్లది. వ్యాపారి గారి వాదనా అదే. కానీ కఠోపనిషత్తు రథాన్ని వేరే విధంగా విప్పుతుంది: శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ లోపల కూర్చున్నవాడు. లాగేది ప్రాణమని అది అనలేదు, గుర్రమనే అంది. హార్స్ పవర్ అనే మాటలోనూ గుర్రమే ఉంది కదా! గుర్రం మారితే రథం యజమాని మారడు.

నాగసేన భిక్షువు లోపల కూర్చున్నవాణ్ణి కూడా ఒప్పుకోడు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దపు యవన రాజు మిలిందుడు ఆయన దగ్గరికి రథమెక్కి వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఆయన అడుగుతూ పోతే రాజు కాదు, కాదు అంటూ పోయాడు. అన్నీ కలిసి ఉన్నంతసేపూ పిలుచుకునే పేరే రథమని తేలింది. ఇంకోచోట ఆయనే దీపం మాట చెబుతాడు. తొలిజాము మంటా, చివరిజాము మంటా ఒకటి కావు, వేరూ కావు. రాత్రంతా తెగకుండా వెలిగింది, అంతే.

1990లో ఇంగ్లండు కోర్టు ఒకటి ఈ దీపం దారినే నడిచింది. 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ 1929లోనూ 1930లోనూ లెమాన్ 24 గంటల పందెం గెలిచింది. 1932 నాటికి దాని ఛాసిస్ మారింది, ఎనిమిది లీటర్ల కొత్త ఇంజను వచ్చింది. ఆ ఏడు బ్రూక్‌లాండ్స్‌లో ప్రమాదమై, నడుపుతున్న క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. దాన్ని మళ్లీ కట్టారు. దశాబ్దాల తర్వాత కోటి పౌండ్లకు బేరం కుదిరాక, ఇది ఆ కారే కాదని కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 1930 కారులోంచి మిగిలినవి పెడల్ షాఫ్టు, గేరుబాక్సు తొడుగు, స్టీరింగు కాలమ్ అని కోర్టులో తేలింది. అయినా జడ్జి ఆటన్ గారు ఇది ఆ కారేనన్నారు. మొదట్లో ఉన్నది ఉన్నట్టుగా లేదు, కానీ ఎప్పుడూ లేకుండా పోలేదు, ఒక్కో మార్పు మీదుగా నడిచొచ్చింది అన్నది ఆయన తీర్పు సారం.

ఎస్76కి ఆ తీర్పు చాలదు. దాని దీపం ఆరిపోయింది. ప్రమిద ఒక ఇంటిది, నూనె ఇంకో ఇంటిది, నూరేళ్లకు వెలిగించారు.

గుడ్‌వుడ్‌లో అది పరుగెత్తిన 2015లోనే పూరీలో నవకళేబరం జరిగింది. జగన్నాథుడికి కొత్త దారువుతో దేహం చేసి, దైతాపతులనే సేవకులు కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకుని, పాత దేహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదాంట్లోకి మారుస్తారు. పాత దేహాన్ని పూడ్చి, అయినవాళ్లు పోయినట్టు మైల పడతారు. ఇక రథమైతే ఏటా కొత్తదే, పేరు మాత్రం నందిఘోషమే. ఇది నకిలీ అని ఏ భక్తుడూ అనడు. ఎందుకనడు? కొత్త కర్రను పాతదని ఎవరూ నమ్మించలేదు కాబట్టి. పదార్థం రహస్యమే కానీ మార్పు రహస్యం కాదు.

అక్కడ నాకు నాన్న జవాబు అర్థమైంది. "ప్రాణం సంగతి నాకు తెలీదు బాబూ. ఇంజను మారింది. మారిందని ఆర్సీలో రాయించండి. రాయిస్తే మీ బండి, దాస్తే దొంగబండి" అన్నాడాయన. అని, పల్చటి కాగితం తీసి ఇంజను మీది నంబరుకు అదిమి, పెన్సిలు పడుకోబెట్టి మెల్లగా రుద్దాడు. నల్లటి గీతల మధ్య అంకెలు ఒక్కొక్కటే తేలాయి. కాగితం అంచున ఆయన బొటనవేలి గ్రీజు ముద్ర కూడా పడింది.

మన పాత గుళ్లూ, పాత పుస్తకాలూ, మోకాళ్లు మార్పించుకున్న మన ఒళ్లూ అన్నీ ఇలా అతుకుల బళ్లే. అతుకు అసత్యం కాదు, అతుకును దాచడం అసత్యం. పిట్టవే తన కారులో ఏది పాతదో ఏది కొత్తదో చెప్పుకున్నాడు, కాబట్టి అది ఎస్76.

వ్యాపారి గారు ఆ కాగితం పట్టుకుని బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికెళ్లి కొత్త నంబరు రాయించుకున్నారు. ఆ ఫియట్ ఇంకో పదకొండేళ్లు ఆయన బండిగానే తిరిగింది.