ప్రాణమునకు లెక్క కట్టవచ్చునా?



మలేరియా జ్వరమువలన ఒక బిడ్డ చావకుండ కాపాడుటకు ఎంత సొమ్ము పట్టును? ఈ ప్రశ్న వినగానే మన సంఘస్థులలో అనేకులకు మనస్సు చివుక్కుమనును. దేవుడిచ్చిన ప్రాణమునకు బజారులో బియ్యమునకువలె ధర చెప్పుదురా యని అడుగుదురు. బేతనియలో అత్తరు పోసిన స్త్రీని చూచి మూడువందల దేనారముల లెక్క తీసినవాడు యూదా యే గదా యనియు అందురు. యోహాను సువార్త 12వ అధ్యాయమును నెమ్మదిగా చదివినయెడల, అతని తప్పు లెక్క చూచుటలో లేదు. బీదలయందు చింత లేకయే వారి పేరు చెప్పుటలో నున్నది. గోపురము కట్టబూని ఖర్చు చూచుకొననివాడు నవ్వులపాలగునని ప్రభువే సెలవిచ్చెను.

నివారణ పనికి లెక్క మరింత అవసరమని మేము తలంచుచున్నాము. ఆసుపత్రిలో బాగుపడిన రోగి మరుసటి ఆదివారము కృతజ్ఞతార్పణ తెచ్చును. దోమతెర క్రింద పరుండి జ్వరము రాకుండ తప్పించుకొన్న బిడ్డ యెవరో ఆ తల్లికి సైతము తెలియదు. ప్రహరీగోడ కట్టించినచో దాత పేరు పలక మీద చెక్కింతుము. తెరమీద చెక్కుటకు చోటు లేదు. ముఖము కనబడని ఆ బిడ్డ పక్షమున సాక్ష్యము చెప్పుటకు లెక్క తప్ప మరొకటి లేదు.

ఆ లెక్క ఎట్లు కట్టిరో చూడుడి. 1990 తరువాతి యేండ్లలో గాంబియా, ఘానా, కెన్యా మొదలగు దేశములలో కొన్ని గ్రామములకు మందు పట్టించిన తెరలిచ్చి, కొన్నిటికి ఇయ్యక, ఉభయత్ర చనిపోయిన పిల్లలను లెక్కించిరి. 2004లో ఆ పరీక్షలన్నిటిని కలిపి చూడగా, తెరల రక్షణలోనున్న ప్రతి 1,000 మంది బిడ్డలలో ఏడాదికి 5 లేక 6 ప్రాణములు దక్కుచున్నవని తేలెను. ఇద్దరికొక తెర చొప్పున 500 తెరలు, కొని ఇంటికి చేర్చువరకు ఒక్కొక్కటి 500 రూపాయలనుకొందము. మొత్తము రెండున్నర లక్షలు. తెర రెండేండ్లు నిలిచినచో 11 ప్రాణములు. ఒక్కొక్క ప్రాణమునకు ఇంచుమించు 23 వేలు. ఇంత సులువా యని సంతోషించువారు ఒక్క నిమిషమాగవలెను. పంచిన తెరలన్నియు కట్టబడవు. కొన్ని చిరుగును, కొన్నిటితో చేపలు పట్టుదురు. దోమలు మందునకు అలవాటుపడుచున్నవి. పిల్లల మరణములు నాటికంటె తగ్గినవి. ఇవన్నియు తీసివేసి నిదానముగా లెక్కించువారు ఒక ప్రాణమునకు కొన్నివేల డాలర్లు, అనగా కొన్ని లక్షల రూపాయలు, పట్టునని చెప్పుచున్నారు. ఈ పెద్ద అంకె చెప్పువారినే మేము ఎక్కువగా నమ్ముదుము.

ఉచితముగా ఇచ్చినదానికి విలువ యుండదని మన పెద్దలనుమాట యొకటి యున్నది. మేమును పలుమారు విన్నదే. కెన్యాలో గర్భిణీ స్త్రీలు పరీక్షకు వచ్చు ఆసుపత్రులలో దీనిని శోధించి, 2010లో ఫలితము ప్రచురించిరి. ఊరక ఇచ్చినప్పటికంటె, 60 సెంట్ల ధర పెట్టినప్పుడు తెర తీసికొన్నవారు నూటికి 60 మంది తగ్గిరి. కొన్నవారు ఎక్కువ శ్రద్ధగా వాడిరా యనగా, అదియు లేదు.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రాస్ దొర 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అయినను మన దేశమే లెక్కను తప్పుగా చదివినచో ఏమగునో చూపినది. 1953లో జాతీయ కార్యక్రమము మొదలగునప్పటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి జ్వరము, 8 లక్షల మరణములు అని అంచనా. 1965 నాటికి రోగులు సుమారు లక్షకు దిగిరి. రోగమే లేనప్పుడు ఇంత ఖర్చేలయని పట్టు సడలెను, మందు చాలకపోయెను, డి.డి.టి.కి దోమలు లొంగుట మానెను. 1976లో 64 లక్షల మంది జ్వరపడిరి. నివారణ ఫలించిన కొలది దాని ఖర్చు వ్యర్థమువలె కనబడును. ఈ లెక్కలోని పెద్ద ఉచ్చు ఇదే.

ఇక దూరము, దగ్గర అను చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2023లో ఈ జ్వరమువలన సుమారు 5,97,000 మంది చనిపోయిరి. నూటికి 95 మంది ఆఫ్రికావారు, వారిలో హెచ్చుమంది 5 ఏండ్ల లోపు బిడ్డలు. మన మన్యపు కొండలలో నేడు ఆ మరణములు బహు కొద్ది. కావున అదే రూకతో ఇక్కడ దక్కు ప్రాణములును కొద్ది. అట్లయిన మన్యపు బిడ్డను విడువవలెనా? తప్పిపోయిన ఒక్క గొఱ్ఱె మాట యేమి? నూటిని లెక్కించినందుననే గదా ఒకటి లేదని కాపరి యెరిగెను. ఎదుట జ్వరముతో వణకుచున్నవానికి ఆటో పిలుచుటకు ఏ లెక్కయు అడ్డు రాకూడదు. ఎవరి పేరను వేరుచేయని కానుక మాత్రము, ఎక్కువమంది బ్రదుకుచోటికి పోవుట న్యాయమని మా తలంపు. ఆ బిడ్డల రంగును భాషయు వేరైనంతమాత్రమున వారి ప్రాణము చవుకయని ఏ సంఘపెద్దయు చెప్పలేడు.

కోతపండుగ కానుకలు లెక్కించు సహోదరులకు ఒక విన్నపము. తెరలకు ఎక్కడికి సొమ్ము పంపినను, పంచిన ఆరు మాసములకు, వానలు కురియు దినములలో, రాత్రివేళ ఆ యిండ్లకు పోయి ఎందరు తెర క్రింద పరుండిరో చూచివచ్చువారి దారిఖర్చును గూడ అదే పద్దులో వ్రాయుడి.